మన పటములకు మూలబిందువు

పాత సర్వే పటముమీది అక్షాంశ రేఖాంశములను నేటి జీపీయస్ యంత్రములో ప్రవేశపెట్టినవారు, హైదరాబాదు ప్రాంతమున సూచితస్థానము సుమారు 180 మీటర్లు ఆగ్నేయముగా జరిగియుండుట గాంచి, పూర్వుల కొలతలు తప్పులనియు, ఉపగ్రహములు వచ్చి వానిని దిద్దినవనియు నిశ్చయించుకొనుట పరిపాటియైనది. జనరంజకముగా వ్రాయబడిన చరిత్రలును ఇంచుమించుగా ఈ కథనే చెప్పుచున్నవి. గొలుసులతోను థియొడొలైటులతోను దేశమును కొలిచినవారి శ్రమను వేనోళ్ళ పొగడి, హిమవచ్ఛిఖరముయొక్క ఎత్తును కనుగొనిన ఘట్టముతో ముగించి, ఆ కొలతలన్నియు దేని నాధారముగా గొని నిలిచినవో ఆ సంగతిని విడిచిపెట్టుచున్నవి. నా యభిప్రాయమున ఆ 180 మీటర్లలో కొలతదోషమునకు చెందిన భాగము స్వల్పము. తక్కినదంతయు భూమియొక్క ఆకారమును గూర్చియు, కేంద్రమును గూర్చియు రెండు కాలములవారు చేసికొనిన రెండు నిర్ణయముల నడుమనున్న అంతరము. సర్వేయరులు డేటమ్ అని వ్యవహరించునది ఈ నిర్ణయమునే.

భూమి గోళాకారమని ఆర్యభటుడెరుగును. ఉజ్జయిని మీదుగా పోవు రేఖను మన జ్యోతిష్కులు మధ్యరేఖగా గైకొనిరి. భూమి ధ్రువములకడ అణగియుండునని న్యూటను ఊహింపగా, 1735, 1736 సంవత్సరములలో పెరూకును లాప్‌లండునకును బయలుదేరిన ఫ్రెంచి పండితులు చాపములను కొలిచి దానిని స్థిరపరచిరి. ఇవి పాఠ్యపుస్తకములలో నున్నవే గావున విస్తరింప బనిలేదు. అనంతరకాలమున తేలిన యంశ మొక్కటి మాత్రము మనకు ముఖ్యము. సముద్రమట్టమును ఖండముల క్రిందుగా పొడిగించినట్లు భావించినచో ఏర్పడు ఆకృతి, అనగా జియాయిడ్, ఎగుడుదిగుడులు గలది; గణితమున కది సులభముగా లొంగదు. కావున దానికి దగ్గరగానుండు గోళాభము నొకదానిని కల్పించుకొని, లెక్కలన్నియు దానిమీద వేయవలసివచ్చినది. ఆ గోళాభమెంత పెద్దది, ధ్రువములకడ ఎంత అణగినది, భూమితో దానిని ఎచ్చట పొందుపరచితిమి అను మూడు విషయములను చెప్పినగాని అక్షాంశ రేఖాంశములకు అర్థమే లేదు.

మనదేశమున ఈ నిర్ణయము జరిగిన కాలమును గూర్చియే నేను కొంత నిలిచి చెప్పదలచితిని. 1802 ఏప్రిల్ 10వ తేదీన మదరాసుకడ సెయింట్ థామస్ మౌంటు సమీపమున విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలువ నారంభించెను. అటనుండి త్రికోణములమీద త్రికోణములను గట్టుకొనుచు ఆయన నిజాము రాజ్యమునకు వచ్చెను. 1818లో జార్జి ఎవరెస్టు ఆయనకు సహాయకుడై హైదరాబాదు చేరెను. కృష్ణా గోదావరుల నడిమి యడవులలో జ్వరపీడితుడై చిక్కిపోయెను. 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాటున మరణింపగా పని యెవరెస్టునకు సంక్రమించెను. బీదరు ప్రాంతమునందలి దామరగిద్దనుండి మాళవమునందలి కలియాన్‌పూర్ వరకు, అనగా 18°3′ మొదలు 24°7′ వరకు గల చాపముయొక్క కొలతను వివరించుచు ఆయన 1830లో గ్రంథమును ప్రకటించెను. ఆ యేటి పేరుతోనే ఎవరెస్టు గోళాభము ప్రసిద్ధమైనది. దాని భూమధ్యరేఖావ్యాసార్ధము 6377276 మీటర్లు. నేటి ఉపగ్రహగణితమున వాడు గోళాభమునకు 6378137 మీటర్లు. అంతరము 861 మీటర్లు.

ఈ 861 మీటర్లను జూపియే ఎవరెస్టు పొరపడెనని పలువురు వ్రాయుదురు. కాని ఆయన కొలిచినది భూగోళమునంతను గాదు. కొలత చేతికందినది ఆరు డిగ్రీల చాపము. చాపమును కొలిచినవానికి లభించునది ఆ ప్రాంతమున జియాయిడ్ ఎట్లు వంగియున్నదో ఆ వంపు మాత్రమే. పాదమును కొలిచి కుట్టిన చెప్పు ఆ పాదమునకు కుదిరినట్లే, ఎవరెస్టు గోళాభము హిందూదేశమునకు కుదిరినది. దాని కేంద్రము భూకేంద్రమునుండి సుమారు 830 మీటర్లు తొలగియుండినను, ఆ తొలగుట ఈ దేశపు పటముల కేవిధమైన చిక్కును గలిగింపలేదు. ఊరికిని ఊరికిని గల దూరము, వాగునకును గట్టునకును గల దిక్కు సరిగా నుండుటయే నాటివారి యవసరము.

అయితే అంతటితో వివాదము తీరదు. ఎవరెస్టును పూర్తిగా సమర్థింపబూనుటయు న్యాయము కాదు. లంబసూత్రము భూకేంద్రమువైపునకే వ్రేలాడునని సామాన్యముగా తలచుదుము. కాని దాపుననున్న పర్వతరాశి దానిని తనవైపునకు లాగును. లంబము ఒక సెకను ఒరిగినచో, నక్షత్రములను జూచి కట్టిన అక్షాంశము భూమిమీద సుమారు 31 మీటర్లు తప్పును. ఇది యెవరెస్టునకు తెలియని విషయము కాదు. తాకల్‌ఖేరా అను స్థానమున ఉత్తరపు కొండల ఆకర్షణ యున్నదని శంకించినవాడాయన. తరువాత ఉత్తరమునకు పొడిగించిన చాపముయొక్క ఉత్తరాగ్రమును హిమాలయపాదమున నుంచక, మైదానమున దూరముగా కలియానా అను గ్రామమున నుంచినవాడును ఆయనయే. అయినను కలియానాకును కలియాన్‌పూరునకును నడుమ, త్రికోణములవలన వచ్చిన అక్షాంశభేదమునకును నక్షత్రములవలన వచ్చినదానికిని 5.236 సెకనుల తేడా కనబడగా, ఆయన దానిని కొలతలలోని లోపముగా భావించి చాపమునందు పంచివేసెను.

కలకత్తాలో ఆర్చిడీకనుగా నుండిన ప్రాట్ ఈ సమాధానముతో తృప్తిపడలేదు. హిమాలయముల ద్రవ్యరాశిని లెక్కించి ఆయన 1855లో చూపినది మరింత విస్మయకరము: ఆ పర్వతములు లంబసూత్రమును 15.885 సెకనులు లాగవలెను. కాని లాగినట్లు కనబడునది అందు మూడవవంతు మాత్రమే. తక్కిన యాకర్షణ యేమైనట్లు? పర్వతముల క్రింద తేలికయైన పదార్థము లోతుగా వ్రేళ్ళూనియున్నదని ఆంగ్లేయ జ్యోతిష్కుడు ఏరీ ఆ యేడే సూచించెను; ప్రాట్ తరువాత వేరొక వివరణ మొసంగెను. భూపటలము సమస్థితియందున్నదను సిద్ధాంతము, నేటి భూభౌతికశాస్త్రమునకు మూలస్తంభములలో నొకటి, మన కలియానా కలియాన్‌పూరుల నడుమ మిగిలిన ఐదు సెకనుల తేడానుండి పుట్టినది. దీనిని కేవలము కొలతతప్పుగా చెప్పిన చరిత్ర మనకు చేసిన నష్టము చిన్నది కాదు.

గోళాభమును భూమితో పొందుపరచుటకు కలియాన్‌పూరును మూలబిందువుగా గ్రహించుటలోని వివేకము గూడ ఈ వెలుగులోనే తెలియును: అది పెద్ద పర్వతములకు దూరమైన పీఠభూమి. అచ్చటను లంబసూత్రము కొలది సెకనులు తొలగియున్నదని తరువాత తేలినది. ఆ కొలది సెకనులతోపాటు దేశపటమంతయు ఒక్కుమ్మడిగా ప్రక్కకు జరిగియున్నది. 1880 నాటికి క్లార్కు మరింత మెరుగైన గోళాభమును లెక్కగట్టినను, మన సర్వేవారు పాతదానినే నిలుపుకొనిరి. దీనిని సోమరితనమనుట తగదు. అచ్చుపడిన పటములన్నిటిని మార్చుటకంటె అన్నియు ఒకే లెక్కన నుండుటయే మేలని వారెంచిరి. దాపరికమును వారెరుగరు. పూర్వము వారెన్ మదరాసు వేధశాల రేఖాంశమును 80°17′21″గా నిర్ణయించియుండెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున తంతిసంకేతములవలన అది సుమారు 2′27″ అధికమని తేలినది. హైదరాబాదుకడ ఇది నాలుగు కిలోమీటర్లకు పైమాట. ఆ సవరణను పటముల యంచున అచ్చువేసి, చదువరి తీసివేసికొనవలెనని వారు స్పష్టముగా తెలిపిరి.

ఉపగ్రహములు వచ్చినపిమ్మట ప్రశ్నయే మారినది. ఉపగ్రహము ఏ దేశపు మూలబిందువును లక్ష్యపెట్టదు. భూమియొక్క ద్రవ్యకేంద్రము చుట్టును తిరుగును. కావున భూకేంద్రమునే తన కేంద్రముగా గల ప్రపంచవ్యవస్థ యవసరమై, 1960, 1966, 1972 నాటి ప్రయత్నములు గడచి 1984 నాటి డబ్ల్యుజియస్-84 నిలిచినది. అమెరికావారి జీపీయస్సే గాక మన నావిక్ వ్యవస్థయు దానినే గ్రహించినది. జపాను 2002లో తన సర్వేశాసనమును మార్చి, టోక్యో డేటమును వదలి, భూకేంద్రవ్యవస్థకు మారెను. మనదేశమున 2005 నాటి జాతీయ పటనీతి ప్రజలకొరకు డబ్ల్యుజియస్-84 మీద వేరొక పటశ్రేణి నేర్పరచినది.

ఈ మార్పు మేలైనదే. కాని నేటి స్థితి నాకు సంపూర్ణసంతృప్తి నిచ్చుటలేదు. చేతిఫోనులు అంకెల నిచ్చునుగాని అవి ఏ డేటముమీదివో చెప్పుట అరుదు. ఎత్తు విషయమున ఈ మౌనము మరింత హానికరము: దక్షిణభారతమున జియాయిడ్ గోళాభమునకు చాల దిగువనున్నది, చెన్నపట్టణపు సముద్రతీరమున నిలిచినవానికి ఉపగ్రహములనుండి నేరుగా వచ్చు ఎత్తు సున్నకు సుమారు 90 మీటర్లు తక్కువగా నుండును. ఆ సవరణ నెరుగక కాలువకు వాటము నిర్ణయించినచో ఏమగునో ఇంజనీరులకు చెప్పనక్కరలేదు. ఇదిగాక మన భూఫలకము ఏటేట సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యమునకు కదలుచున్నది. 1984 మొదలు ఇది రెండు మీటర్లకు చేరినది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన భూముల పునఃసర్వేలో ఉపగ్రహములవలననే సరిహద్దులు కొలువబడుచున్నవి. చేనికిని చేనికిని గల సంబంధము ఈ చలనమువలన చెడదు; కాని నేటి అంకెలను ముప్పదియేండ్ల తరువాత వేరొకడు యంత్రములో ప్రవేశపెట్టి గట్టును వెదకినచో అది ఒకటిన్నర మీటరు తొలగి కనబడును, అన్నదమ్ముల నడుమ వ్యాజ్యమునకు అది చాలును.

కావున హద్దుల పత్రములను సిద్ధపరచు రెవెన్యూ, సర్వే అధికారులకు నా విన్నపము: ప్రతి పత్రముమీదను అంకెలతోపాటు డేటముయొక్క పేరును, కొలత జరిగిన సంవత్సరమును, ఎత్తు సముద్రమట్టమునుండియో గోళాభమునుండియో అను వివరమును అచ్చువేయించుడు. అందుకు ఒక పంక్తికి మించిన స్థలము పట్టదు.