వలందపాలెం నుంచి నెదర్లాండ్స్‌కు: ఒక డెల్టా దేశ పరిచయం

ఉపోద్ఘాతం

విజయవాడ గవర్నర్‌పేటను ఆనుకొని సాగే బందరు రోడ్డు మచిలీపట్నం వైపు వెళుతుంది. ఆ పట్టణంలో వలందపాలెం, ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇవి వరుసగా డచ్చి, ఫ్రెంచి, ఆంగ్ల వర్తకుల స్థావరాలకు గుర్తులు. ‘వలందా’ అనేది హాలండ్ శబ్దానికి తెలుగు రూపం. ఈ పేరును ఆధారంగా చేసుకొని నెదర్లాండ్స్ భౌగోళిక, పాలనా, సాంస్కృతిక స్వరూపాన్ని కృష్ణా డెల్టా చరిత్రతో అన్వయించి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పేరు – పరిధి

హాలండ్ దేశమంతటికీ పేరు కాదు. నేటి 12 ప్రాంతాలలో ఉత్తర హాలండ్, దక్షిణ హాలండ్ అనేవి రెండు మాత్రమే. తెలుగువారు భాగం పేరుతో మొత్తాన్ని పిలిచారు. డచ్చివారు కూడా అదే పని చేశారు. చోళమండలం నుంచి ఏర్పడిన ‘కోరమాండల్’ అనే పేరును తెలుగు తీరానికీ వర్తింపజేశారు.

భౌగోళిక స్వరూపం

నెదర్లాండ్స్ అంటే పల్లపు భూములు. రైన్, మ్యూజ్, షెల్ట్ నదులు సముద్రంలో కలిసే ఈ దేశంలో సుమారు నాలుగో వంతు భూమి సముద్రమట్టానికి దిగువన ఉంది. కట్టలు పోసి, గాలిమరలతో నీరు తోడి అక్కడి ప్రజలు సాగుభూమిని సంపాదించుకున్నారు. 1953 ఫిబ్రవరి నాటి ఉప్పెనలో అక్కడ 1,836 మంది మరణించారు. 1864 ఉప్పెనలో బందరు, 1977 నవంబరు 19న దివిసీమ ఇలాంటి విపత్తునే ఎదుర్కొన్నాయి.

పాలన

నెదర్లాండ్స్‌లో రాజ్యాంగబద్ధ రాచరికం అమలులో ఉంది. రాజధాని ఆమ్‌స్టర్‌డామ్ అయినా, ప్రభుత్వం హేగ్ నగరం నుంచి నడుస్తుంది. పార్లమెంటు దిగువ సభలో 150 మంది, ఎగువ సభలో 75 మంది సభ్యులుంటారు. అయితే పార్లమెంటు కంటే ప్రాచీనమైనవి 13వ శతాబ్దం నాటికే ఏర్పడిన నీటి మండళ్లు. ఎన్నికైన సభ్యులతో, సొంత పన్నులతో ఇవి నేటికీ పనిచేస్తున్నాయి. కృష్ణా డెల్టాలో 1855లో పూర్తయిన ఆనకట్ట ప్రభుత్వ ఇంజనీర్ల చేతిలో నడిచింది. సాగునీటి నిర్వహణలో రైతు సంఘాలకు చట్టబద్ధ స్థానం 1997లో లభించింది.

వర్తకం – సంస్కృతి

1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నం చేరింది. మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి వర్తక హక్కులు పొందింది. చిరివేరు ఎరుపుతో అద్దిన కోరమాండల్ వస్త్రాలు డచ్చి వేషధారణలో భాగమయ్యాయి. హిందెలోపెన్ పట్టణ స్త్రీల సంప్రదాయ దుస్తులు ఇందుకు నిదర్శనం. కంపెనీ ఉద్యోగి డేనియల్ హవార్ట్ 1693లో కోరమాండల్ ఉత్థాన పతనాలపై డచ్చి భాషలో గ్రంథం ప్రకటించాడు. అయితే ఈ సంబంధం వస్త్రాలకే పరిమితం కాలేదు. కరువు కాలాల్లో ఈ తీరం నుంచి మనుషులను బానిసలుగా కొని బటావియాకు తరలించారు. 1824 ఒప్పందాన్ని అనుసరించి మరుసటి ఏడాది ఇక్కడి డచ్చి స్థావరాలు ఆంగ్లేయుల పరమయ్యాయి.

ముగింపు

స్వదేశంలో నీటిపై ప్రజలకు అధికారమిచ్చిన సమాజమే పరదేశంలో మనుషులను సరుకుగా చూసింది. ఈ వైరుధ్యాన్ని విస్మరిస్తే నెదర్లాండ్స్ పరిచయం అసంపూర్ణమవుతుంది. వలందపాలెం వంటి స్థలనామాలను ఉచ్చారణ వింతలుగా కాక చరిత్ర ఆధారాలుగా చదవవలసిన అవసరం ఇందువల్ల స్పష్టమవుతుంది.