తలకు పట్టిన నీరు ఎటు పోతుంది?

మా అత్తయ్య దృష్టిలో సగం రోగాలకు కారణం ఒక్కటే, తలస్నానం చేసి జుట్టు సరిగ్గా ఆరబెట్టుకోకపోవడం. కిందటి చలికాలం మా అమ్మాయి నుదురు పట్టుకుని కూర్చుంటే, "తలకు నీళ్లు పట్టేశాయే, శొంఠి అరగదీసి పట్టు వెయ్యి" అన్నారు. నేను నవ్వేసి, "అత్తయ్యా, నీళ్లు తల లోపలికి ఎలా వెళ్తాయి?" అన్నాను. డిగ్రీ చదువుకున్న కోడలినన్న గర్వం నాది.

కానీ ఆ ఏడాదంతా నేను చేసిన ఘనకార్యం మాత్రం ఏముంది? ముక్కు దిబ్బడ, చెంపల్లో నొప్పి, గొంతులోకి జారే కఫం అని పిల్ల చెప్పినప్పుడల్లా మెడికల్ షాపుకెళ్లి యాంటీబయాటిక్ తెచ్చి వేశాను. అలా నాలుగుసార్లు. చివరికి ఎవరో చెప్పారని నేతి పాత్ర తెప్పించి, కుళాయి నీళ్లలో ఉప్పు కలిపి వారం రోజులు ముక్కులో పోయించాను. ఆ తర్వాతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మొదట అడిగింది ఒక్కటే, "ఏ నీళ్లు పోశారమ్మా?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఇంటికొచ్చి చదివాక తెలిసింది. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు ఇలాగే కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కుని, ఆ నీళ్లలోని అమీబా మెదడుకు ఎక్కి చనిపోయారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల ఊపిరి వింటూ పడుకున్నాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. కానీ ఆ భయమే నన్ను ముక్కు చరిత్ర చదివేలా చేసింది. చదివే కొద్దీ అత్తయ్యను చూసి నవ్వినందుకు సిగ్గేసింది.

ఎందుకంటే తల లోంచి నీరు దిగుతుందన్న మాట అత్తయ్యది మాత్రమే కాదు. పాతకాలపు గ్రీకు వైద్యులదీ అదే మాట. రెండో శతాబ్దంలో రోమ్‌లో పేరు మోసిన గాలెన్ కూడా మెదడులోని మలినమే వడకట్టుకుని ముక్కులోకి దిగుతుందని నమ్మాడు. ఆ మాటే దాదాపు పదిహేను వందల ఏళ్లు చెల్లింది. మెదడు కింద ఉండే గ్రంథిని ఇప్పటికీ 'పిట్యూటరీ' అంటున్నామంటే, ఆ పేరు కఫం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వచ్చింది. 1660లలో జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో కాన్రాడ్ ష్నైడర్ అనే ప్రొఫెసరు, మెదడు నుంచి ముక్కులోకి అలాంటి దారి ఏదీ లేదని, ముక్కు లోపలి పొరే ఆ చీమిడిని తయారుచేస్తుందని పుస్తకాలు రాసి చూపించాడు.

మనవాళ్లు ముక్కును తలకు వాకిలి అనుకున్నారు. చరక సంహితలో అణుతైలం ముక్కులో వేసుకునే నస్యం గురించి ఉంది. తాతగారు పీల్చే పొగాకు పొడుముకు కూడా ఆ పేరే ఎలా అంటుకుందో గానీ, అసలు నస్యం మందు. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో చెప్పిన నేతి కూడా నీళ్లతో చేసేది కాదు. నూలు దారాన్ని ముక్కులోంచి దూర్చి నోట్లోంచి తీయడం. చదువుతుంటేనే నాకు తుమ్మొచ్చింది.

మరి ఆ నీరు నిలిచే చోటు ఏది? మన ముఖంలోని ఎముకల మధ్య గాలి గదులున్నాయి, నాలుగు జతలు. నుదుట్లో, చెంపల్లో, కళ్ల మధ్య, ఇంకా లోపల ముక్కు వెనకాల. వాటినే సైనస్‌లంటారు. 1489లోనే లియొనార్డో డావిన్సీ పుర్రెను కోసి, చెంప గదిని బొమ్మ గీశాడు. కానీ ఆ బొమ్మలు ఆయన కాగితాల్లోనే ఉండిపోయాయి. 1651లో నథానియల్ హైమోర్ అనే ఇంగ్లీషు వైద్యుడు దాన్ని పుస్తకంలో వివరంగా రాశాడు. ఆయన చెప్పిన ఒక ఆవిడ కథ నాకు బాగా నచ్చింది. పన్ను తీయించుకున్నాక ఆ సందులోంచి చీము కారుతూనే ఉంటే, ఆవిడ కంగారుపడి ఒక వెండి సూదిని అందులోకి పోనిచ్చిందట. అది దాదాపు కంటి దాకా పోయింది. ఈసారి పక్షి ఈక దూర్చి చూసింది. అదీ లోపలికి పోయింది. ఇక మెదడుకే చిల్లు పడిందని హడలిపోయింది పాపం. అక్కడ సహజంగానే ఒక ఖాళీ గది ఉంటుందని చెప్పి హైమోర్ ఆవిడకు ధైర్యం చెప్పాడు. ఆ కంగారులో నన్ను నేను చూసుకున్నాను.

ఇక్కడో చిక్కుంది. చెంప గదికి తలుపు అడుగున లేదు, పైన ఉంది. సింకు గొట్టాన్ని అడుగున కాకుండా పై అంచున పెట్టినట్టు. అందుకే వైద్యులు కిందివైపు కన్నం పెడితే చీము దానంతటదే దిగిపోతుందనుకున్నారు. 1893లో న్యూయార్క్‌లో కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో లూక్, పై పెదవి కింద కోసి ఆ గదిలోకి వెళ్లి, ముక్కులోకి అడుగున కొత్త దారి చేసే ఆపరేషన్ చెప్పారు. అదే 1893లో బొంబాయిలో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం మొదలుపెట్టారు. ఇలాంటి బామ్‌లు, ఇన్‌హేలర్లలో ఉండే మెంథాల్ వాపును తగ్గించదు. ముక్కులోని చల్లదనం తెలిసే నరాలను తడుతుంది, అంతే. దారి తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ఆ హాయి మాత్రం నిజమే, కాదనను.

కొత్త కన్నం పెట్టినా కొందరికి జబ్బు తిరగబెట్టేది. ఎందుకో ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌లో వాల్టర్ మెస్సర్‌క్లింగర్ కనిపెట్టాడు. సైనస్ గోడలకు కంటికి కనిపించని నూగు ఉంటుంది. అది సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ చీమిడిని ఒకే దిక్కుకు, పుట్టుకతో వచ్చిన తలుపు వైపే నెడుతుంది. అడుగున ఎంత పెద్ద కన్నం ఉన్నా సరే, చీమల బారు దారి మార్చనట్టు, ఆ చీమిడి పైకెక్కి పాత తలుపు దగ్గరికే పోతుంది. అసలు జబ్బు ఆ ఇరుకు తలుపు దగ్గర వాపు. బ్రిటన్‌లో హెరాల్డ్ హాప్‌కిన్స్ తయారుచేసిన గాజుకడ్డీల ఎండోస్కోప్‌తో దాన్ని నేరుగా చూడడం వీలైంది. 1980లలో స్టామ్‌బెర్గర్, కెనెడీ లాంటివాళ్లు ఆ పాత తలుపునే వెడల్పు చేసే ఆపరేషన్‌ను ప్రపంచమంతా వ్యాపింపజేశారు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మన హైదరాబాద్ కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రి పేరు రోజూ వార్తల్లో విన్నాం కదా, అప్పుడు రోగుల సైనస్‌లలోకి చూసినవీ ఎండోస్కోపులే.

మా అమ్మాయికి ఆపరేషన్ అవసరం పడలేదు. దుమ్ము పడకపోవడం వల్ల ఆ తలుపు దగ్గర వాపు వస్తోందట. డాక్టరు ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు, ఉప్పునీళ్లు కొనసాగించమన్నారు. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. నీళ్లు ఐదు నిమిషాలు తెర్లనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లారాకే పాత్రలో పోస్తాం. పాత్రను రోజూ కడిగి ఆరబెడతాం. గదిలో దోమల చుట్ట మానేశాం. సాంబ్రాణి పొగ వరండాకు మారింది, అత్తయ్య కాస్త అలిగారు. ఆవిరి పట్టాలంటే మరిగే గిన్నె పిల్లల ఒళ్లో పెట్టం, పెద్దవాళ్లం పక్కనే ఉంటాం. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ వేయం, అది వైరస్ మీద పనిచేయదు. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైనా డాక్టరు దగ్గరికి. కన్ను వాచినా, చూపు మసకబారినా, మెడ బిగుసుకున్నా ఆ రోజే ఆసుపత్రికి.

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. ఆ పెట్టెకు తలుపు ఎక్కడుందో తెలుసుకోవడానికి మనుషులకు ఇన్ని వందల ఏళ్లు పట్టింది.

మొన్న రాత్రి ఇదంతా అత్తయ్యకు కూర్చుని చెప్పాను. ముఖంలో గదులున్నాయని, వాటిలో నీరు నిలిస్తేనే నొప్పి అని. ఆవిడ ఒత్తులు చేసుకుంటూ అంతా విన్నారు. "మరి నేను చెప్పిందీ అదేగా, నీళ్లు పట్టాయని" అన్నారు. ఈసారి నేను నవ్వలేదు. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు దించడానికి లేచాను.