అడవి మీది ఆకాశం ఎవరిది?

జల్, జంగల్, జమీన్. కొమురం భీం పేరుతో పాటు మనం చిన్నప్పటి నుంచీ వింటున్న మూడు మాటలివి. నీరు, అడవి, భూమి మావి అని చెప్పుకోవడానికి ఈ మూడూ చాలనుకుంటాం. దక్షిణ అమెరికాలో ఒక ఆదివాసీ జాతికి మాత్రం ఈ మూడూ చాలలేదు. అడవి మిగలాలంటే దాని మీది ఆకాశాన్ని కూడా మూయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరి 1 నుంచి యానోమామి జాతి నేల మీదుగా అనుమతి లేని విమానాలు ఎగరకూడదని బ్రెజిల్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఆ పరిస్థితి ఎందుకొచ్చిందో, ఆ తర్వాత ఏమైందో మన యువతీ యువకులు తెలుసుకోవాలి.

ఆకాశానికి హద్దులు

ఆకాశానికి హద్దులు లేవని అంటుంటాం గానీ చట్టం అలా అనదు. 1944 డిసెంబరులో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ విమానయాన ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై పూర్తి అధికారం ఉంది. సైనిక అవసరం కోసమో, ప్రజల భద్రత కోసమో కొన్ని చోట్ల విమానాలు ఎగరకుండా ఆ దేశం నిషేధించవచ్చు. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ మీదుగా, వాషింగ్టన్‌లో వైట్ హౌస్ మీదుగా విమానాలు పోకపోవడానికి కారణం ఇదే. నిషేధం ఉన్న చోట్ల పేర్లు చూస్తే ఎక్కువగా కనిపించేవి పాలకుల నివాసాలు, సైనిక స్థావరాలు, అణు కేంద్రాలు. అడవిలో బతికే మనుషుల ప్రాణాల కోసం ఆకాశాన్ని మూయడం అరుదు. అందుకే యానోమామీల కథకు అంత విలువ.

యానోమామీలు ఎవరు?

బ్రెజిల్, వెనిజులా దేశాల సరిహద్దులో, అమెజాన్ అడవి ఉత్తరపు కొసన ఉండే జాతి ఇది. బ్రెజిల్ వైపు వాళ్ల నేల సుమారు 96 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణ రాష్ట్రం కంటే కొంచెం చిన్నది. 2022 జనగణన నాటికి అక్కడ ఉన్నది సుమారు 27 వేల మంది. చాలా పల్లెల్లో ఊరంతా కలిసి ఒకే పెద్ద గుండ్రటి ఇంట్లో ఉంటారు. నడుమ అందరిదీ అయిన ఖాళీ జాగా, చుట్టూ ఒక్కో కుటుంబానికి ఒక్కో పొయ్యి. వేట, చేపలు, అడవి పండ్లతో పాటు మన పోడును పోలిన సేద్యం చేస్తారు. అరటి, కర్రపెండలం వేస్తారు.

వాళ్ల పెద్దలు చెప్పే కథలో ఆకాశం ఒకసారి కూలిపోయింది. ఇప్పుడు మనం నడుస్తున్న ఈ నేల ఆనాడు పడిన పాత ఆకాశమే. పైన ఉన్న కొత్త ఆకాశం మళ్లీ కూలకుండా వాళ్ల షమన్లు ఆత్మల సాయంతో నిలబెడుతున్నారు. ఆ పాత ఆకాశానికి వాళ్ల భాషలో పేరు హుతుకారా. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ముందు కొలత, తర్వాత కొల్లగొట్టడం

1970లలో బ్రెజిల్‌ను సైనిక ప్రభుత్వం పాలించేది. అమెజాన్ అడవినంతా విమానాల నుంచి రాడార్‌తో సర్వే చేయించింది. యానోమామీల నేల కింద ఖనిజాలున్నాయని దాంతో బయటి ప్రపంచానికి తెలిసింది. 1973లో ఆ నేల దక్షిణ భాగం గుండా పెద్ద రోడ్డు పని మొదలైంది. కూలీలతో పాటు తట్టు, జలుబు లాంటి జబ్బులు వచ్చాయి. కొన్నేళ్లకే రోడ్డు పని ఆగిపోయింది. అప్పటికి దారి పక్కనున్న పల్లెల్లో ఎందరో చనిపోయారు.

అసలు దెబ్బ 1987లో తగిలింది. అంతకు ముందు ఏడాది సైన్యం పాపియూ అనే చోట రన్‌వేను పెద్దది చేసింది. బంగారం వెతికేవాళ్లు అక్కడి నుంచే లోపలికి చొరబడ్డారు. రెండు మూడేళ్లలో వాళ్ల సంఖ్య సుమారు 40 వేలకు చేరిందని అంచనా. మలేరియా, ఇతర జబ్బులు, తుపాకులు కలిసి వెయ్యి మందికి పైగా యానోమామీల ప్రాణాలు తీశాయి.

ఇక్కడ విమానం సంగతి అర్థం చేసుకోవాలి. ఆ అడవిలోకి రోడ్లు లేవు. నదుల్లో పడవ మీద పోదామంటే దారిలో రాళ్లు, జలపాతాలు. కాబట్టి గని దగ్గరికి డీజిల్, నీటి పంపులు, గొట్టాలు, బియ్యం, తూటాలు చేరడానికి సులువైన దారి చిన్న విమానం. అడవిలో కొంత మేర చెట్లు కొట్టి నేల చదును చేస్తే దొంగ రన్‌వే తయారు. అక్కడి నుంచి పంపులు నది ఒడ్డుకు పోతాయి. నీటిని జోరుగా కొట్టి ఒడ్డును కోస్తారు. బురదలోని బంగారాన్ని పట్టడానికి పాదరసం కలుపుతారు. ఆ పాదరసం నదిలోకి, చేపలోకి, చివరికి తల్లి పాలలోకి చేరుతుంది. వదిలేసిన గుంటల్లో నీరు నిలుస్తుంది, దోమలు పెరుగుతాయి, మలేరియా ముదురుతుంది. నాన్న జ్వరంతో పడుకుంటే వేటకు పోయేవాళ్లుండరు, తోట చూసేవాళ్లుండరు. పిల్లలు ఆకలితో చిక్కిపోతారు. విమానం దిగడం దగ్గర మొదలైన గొలుసు పిల్లల పొట్ట దగ్గర తేలుతుంది.

కాగితం మీద గెలుపు

ఈ దశలోనే దావీ కొపెనావా అనే యానోమామీ షమన్ పేరు ప్రపంచానికి తెలిసింది. 1967లో వచ్చిన తట్టు ఆయన తల్లిని బలి తీసుకుంది. తన జాతి తరఫున ఆయన దేశదేశాలు తిరిగి మాట్లాడాడు. క్లాడియా అందుహార్ అనే ఫొటోగ్రాఫర్, మరికొందరు మిత్రులు 1978 నుంచీ యానోమామీల నేలకు హద్దులు గీయాలని ఉద్యమం నడుపుతున్నారు. ఒత్తిడి పెరిగి 1990లో అధ్యక్షుడు కొల్లోర్ దొంగ రన్‌వేలను డైనమైట్‌తో పేల్చివేయమని ఆదేశించాడు. కొన్నింటిని పేల్చారు, బంగారం వాళ్లు గుంటలు పూడ్చి మళ్లీ వాడుకున్నారు. నేల మీద గుంట తవ్వితే సరిపోదని అప్పుడే తేలింది.

1992 మే 25న యానోమామీ నేలకు చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. అది పెద్ద విజయం. అయినా మరుసటి ఏడాదే హషిము అనే పల్లె వాళ్లు 16 మందిని బంగారం వాళ్లు చంపేశారు. బ్రెజిల్ కోర్టు దాన్ని జాతి హననంగా గుర్తించి శిక్షలు వేసింది.

2019 తర్వాత చొరబాటు మళ్లీ ఉధృతమైంది. బంగారం ధర పెరిగింది, నిఘా తగ్గింది. సుమారు 20 వేల మంది అక్రమంగా లోపల ఉన్నారని అంచనా. హోమోషి అనే చోట ఆరోగ్య కేంద్రాన్నీ, దాని రన్‌వేనూ వాళ్లే ఆక్రమించారు. మందులు ఉండాల్సిన గదిలో ఇంధనం డబ్బాలు పెట్టారు. డాక్టరు దిగాల్సిన రన్‌వే మీద బంగారం విమానాలు దిగాయి. 2019 నుంచి 2022 దాకా నాలుగేళ్లలో ఐదేళ్ల లోపు పిల్లలు సుమారు 570 మంది నివారించగలిగిన కారణాలతో చనిపోయారు.

ఆకాశాన్ని మూసిన రోజు

2023 జనవరి 20న ప్రభుత్వం అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మరునాడు కొత్త అధ్యక్షుడు లూలా రొరైమా రాష్ట్ర రాజధాని బోవా విస్తాకు వెళ్లి ఎముకలు తేలిన పిల్లలను చూశాడు. ఆ నెలాఖరున వచ్చిన డిక్రీ యానోమామీల ఆకాశాన్ని బ్రెజిల్ వాయుసేన చేతిలో పెట్టింది.

వాయుసేన ఆ గగనతలాన్ని మూడు రకాల ప్రాంతాలుగా విభజించింది. నిషిద్ధ ప్రాంతంలోకి సైనిక, వైద్య, సహాయ పనుల్లో ఉన్న విమానాలకే అనుమతి. రాడార్ మోసే విమానాలు పైనుంచి కనిపెట్టేవి. అనుమానం వస్తే యుద్ధ విమానాలు వెంటపడి, దారి మళ్లించి, దించేవి. అదే సమయంలో వాయుసేన సురుకుకు ప్రాంతంలో ఆహారం మూటలు జారవిడిచింది, బోవా విస్తాలో తాత్కాలిక ఆసుపత్రి పెట్టింది.

ఫలితం వెంటనే కనిపించింది. డీజిల్ రాకపోతే పంపు ఆగుతుంది, బియ్యం రాకపోతే మనిషి ఆగడు. బంగారం వాళ్లు పడవల మీద, కాలినడకన బయటికి రావడం మొదలుపెట్టారు. వాళ్లు తమంతట తాము వెళ్లిపోవడానికి వీలుగా ఫిబ్రవరి 6న ప్రభుత్వం మూడు విమాన దారులు తెరిచింది, ఏప్రిల్ 6న వాటిని మూసేసింది. వచ్చినవాళ్లలో చాలామంది పేద కూలీలని, విమానాల యజమానులు ఎక్కడో నగరాల్లో ఉంటారని కూడా మనం మరవకూడదు.

ఆకాశం మూస్తే కథ సుఖాంతమైందా? కాలేదు. నిఘా సడలిన చోట 2023 చివరికి కొందరు తిరిగి వచ్చారు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం బోవా విస్తాలో ఈ పనుల కోసమే ప్రత్యేక కార్యాలయం తెరవాల్సి వచ్చింది. అదే ఏడాది వెలువడిన ఒక వైద్య పరిశోధనలో తొమ్మిది పల్లెల్లో పరీక్షించిన వాళ్లలో దాదాపు అందరి జుట్టులోనూ పాదరసం కనిపించింది. విమానం ఆగిన రోజునే విషం ఆగదు.

విమానం శత్రువా?

ఇది చదివి విమానాలంటేనే చెడ్డవనుకుంటే పొరపాటు. యానోమామీ పల్లెకు టీకా చేరేది విమానంలోనే. జబ్బు ముదిరిన బిడ్డ ఆసుపత్రికి చేరేదీ విమానంలోనే. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ సంగతి చూడండి. 1986లో అక్కడ పర్యాటక విమానం, హెలికాప్టర్ ఢీకొని 25 మంది చనిపోయారు. 1987లో చట్టం తెచ్చి కొన్ని భాగాల మీద ఎగరడం నిషేధించారు. తర్వాత పర్యాటక విమానాల సంఖ్యకు పరిమితి పెట్టినప్పుడు, హువలపాయ్ ఆదివాసీల నేలకు వచ్చే విమానాలను అందులోంచి మినహాయించారు. కారణం, వాళ్ల బతుకు ఆ పర్యాటకం మీద ఆధారపడి ఉంది. ఒక జాతికి ఆకాశం మూయడం రక్షణ, మరో జాతికి తెరిచి ఉంచడం జీవనం. ఏది మేలో ఆ నేల మీద బతికేవాళ్లను అడిగి తేల్చాలి.

మనకు ఇందులో ఏముంది?

మనకు ఐదో షెడ్యూలు ఉంది. 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు మన బొర్రా ప్రాంతం నుంచి మొదలైన పోరాటం ఫలితమే. యానోమామీలకూ 1992లో అలాంటి కాగితమే దక్కింది. ఆ కాగితాన్ని ముప్పై ఏళ్లు కాపలా కాయాల్సి వచ్చింది.

కాపలా కాసింది ఎవరు? 2004లో యానోమామీలు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరే హుతుకారా. ఎక్కడ కొత్త గుంట పడింది, ఎన్ని హెక్టార్ల అడవి పోయింది, ఏ పల్లెలో ఏం జరిగిందని ఉపగ్రహ చిత్రాలు చూసి, పల్లెల మాట విని ఆ సంఘం రాసి పెట్టింది. 2022 ఏప్రిల్‌లో వాళ్లు విడుదల చేసిన నివేదిక చదివినవాళ్లకు, మరుసటి జనవరిలో బయటపడిన ఫొటోలు కొత్త వార్త కాదు. ప్రభుత్వం ఆకాశాన్ని మూయకముందే ఆకాశం కింద జరిగేదంతా సంఘం పుస్తకంలో ఉంది.

మన సంఘాలు పండుగలు చేస్తాయి, పాటలు దాచుకుంటాయి, ఇలాంటి సంచికలు తెస్తాయి. అవన్నీ కావాలి. దాంతో పాటు మన ఊరి హద్దు ఎక్కడ, వాగు ఏ నెలలో రంగు మారింది, గ్రామసభ తీర్మానం నకలు ఎవరి దగ్గర ఉంది అన్నవి కూడా తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. చదువుకున్న పిల్లలు మొదలుపెట్టగలిగిన పని ఇది. ఒక నోటు పుస్తకం, ఒక ఫోన్ చాలు.