వాచీ చైన్ బిగుతు ఎంత ఉండాలి? లాకుల రకాలు, విశాఖ ఉక్కపోత, వజూ: తెలుసుకోవాల్సిన విషయాలు

నికాహ్ సమయంలో పెళ్లికొడుక్కి వాచీ పెట్టడం మన ఇళ్లలో చాలాచోట్ల మామూలే. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ల సూట్‌కేసులో కూడా మంచి వాచీ ఒకటి ఉంటుంది. అంత డబ్బు పోసి కొన్న వాచీ నాలుగు రోజులు చేతికి ఉండి తర్వాత బీరువాలోకి చేరడమూ మామూలే. ఎందుకని అడిగితే "మధ్యాహ్నానికి బిగుసుకుపోతోంది", "జారిపోతోంది", "చెమటకి దురద పెడుతోంది" అంటారు. చాలాసార్లు తప్పు వాచీది కాదు. చైన్ కొలతలోనో, దాని లాక్‌లోనో ఉంటుంది.

మణికట్టు రోజంతా ఒకేలా ఉండదు

వేడికి చర్మం కింద రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, చేతుల్లోకి కొంచెం నీరు చేరుతుంది. అందుకే ఉదయం ఏసీ గదిలో వదులుగా ఉన్న చైన్ మధ్యాహ్నం పట్టేసినట్టు అవుతుంది. విశాఖలో సముద్రపు తేమ వల్ల చెమట తొందరగా ఆరదు. మే నెలలో దర్గా కొండ మెట్లు ఎక్కి దిగినవాళ్లకి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. తేడా కొన్ని మిల్లీమీటర్లే, కానీ స్టీల్ చైన్ తోలు బెల్టులా సాగదు. ఒక లింకు తీస్తే సాధారణంగా అర సెంటీమీటరుకు పైనే తగ్గిపోతుంది. ఉంచితే వదులు, తీస్తే బిగుతు. ఈ చిక్కు తీర్చడానికే కంపెనీలు లాక్‌లోనే సర్దుబాటు పెట్టాయి.

లాకుల్లో రకాలు

మొదటిది పాత పద్ధతి. లాక్ పక్కన వరసగా చిన్న రంధ్రాలుంటాయి. సన్నటి పిన్ను నొక్కి స్ప్రింగ్ బార్‌ను ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి మార్చాలి. వాచీ షాపులో రెండు నిమిషాల పని, కానీ రోజూ మార్చుకోవడం కుదరదు.

రెండోది సీతాకోకచిలుక రెక్కల్లా రెండు వైపులకీ తెరుచుకునే లాక్. మూసినప్పుడు చైన్ ఒకే వరసగా కనిపించి అందంగా ఉంటుంది. అయితే ఇలాంటి చాలా లాకుల్లో సర్దుబాటు ఉండదు. కొనేముందే అడగాలి.

మూడోది పనిముట్టు లేకుండా చేత్తోనే సర్దుకునే లాక్. రోలెక్స్ సబ్‌మెరైనర్‌లో ఉండే గ్లైడ్‌లాక్‌తో 2 మి.మీ. చొప్పున దాదాపు 20 మి.మీ. వరకు పొడవు పెంచుకోవచ్చు. నీటి అడుగున ఈదేవాళ్లు మందపాటి సూట్ మీద కట్టుకోవడానికి చేసిన ఏర్పాటు ఇది. అదే కంపెనీ డేట్‌జస్ట్‌లో ఈజీలింక్ ఉంటుంది. లాక్ లోపల మడిచి ఉన్న చిన్న లింకును తెరిస్తే 5 మి.మీ. వదులవుతుంది. ట్యూడర్ టీ-ఫిట్ లాక్‌లో ఐదు స్థానాల్లో మొత్తం 8 మి.మీ. సర్దుబాటు ఉంది. ఒమెగా సీమాస్టర్ డైవర్ వాచీల్లో లాక్ లోపలి బటన్ నొక్కి జరుపుకోవచ్చు. కార్టియే శాంటోస్‌లో 2018 నుంచి వస్తున్న స్మార్ట్‌లింక్ పద్ధతి వేరు. అందులో లింకునే పనిముట్టు లేకుండా తీసి పెట్టుకోవచ్చు.

ఖరీదు ఎక్కువైనంత మాత్రాన సర్దుబాటు ఉంటుందని అనుకోకండి. షోరూంలో లాక్ తెరిపించి మీ చేత్తోనే ఒకసారి వదులు చేసి చూడండి.

కొలత ఇలా చూసుకోండి

కొలత ఉదయం కాదు, కాసేపు నడిచాక సాయంత్రం ఇవ్వండి. మణికట్టు ఎముక కిందకి జారకుండా, చర్మం మీద లింకుల అచ్చు పడకుండా ఉండాలి. లాక్ మూశాక చైన్ కింద చిటికెన వేలు కష్టం లేకుండా దూరితే సరిపోయినట్టు. లాక్ మణికట్టు కింద మధ్యలోకి రావాలి. లింకులన్నీ ఒకే వైపు తీస్తే లాక్ పక్కకి పోయి బల్ల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా గుచ్చుకుంటుంది. సర్దుబాటు లాక్ ఉంటే దాన్ని మధ్య స్థానంలో పెట్టి లింకులు తీయించండి. అప్పుడు ఎండకి వదులు, చలికి బిగుతు రెండూ మీ చేతిలోనే ఉంటాయి.

వజూ చేసేటప్పుడు

వాచీ నీటిని తట్టుకుంటుందా అన్నది వేరు, వజూ అయిందా అన్నది వేరు. మోచేతుల వరకు కడగడం ఫర్జ్ కాబట్టి చైన్ కింద చర్మానికి కూడా నీరు చేరాలి. బిగుతు ఉంగరాన్ని కదిపి నీరు చేర్చాలని ఫిఖ్‌లో చెప్పిన మాటే వాచీకీ వర్తిస్తుంది. వదులు చైన్‌ను పైకి జరిపి కడగొచ్చు. బిగుతుగా ఉంటే తీయడమే మేలు.

రోజుకి ఐదుసార్లు తీసి పెట్టుకుంటే ఏడాదికి 1,800 సార్లకు పైనే. ఒత్తి మూసే పల్చటి రేకు లాకులు ఇంత వాడకానికి తొందరగా వదులవుతాయి. రెండు పక్కలా బటన్లుండే గట్టి లాక్ చూసుకోండి. తీసిన వాచీని కుళాయి గట్టు మీద పెట్టకండి, జేబులో వేసుకోండి. రాయి మీద పడి అద్దం పగలడం, నమాజ్ తొందరలో మర్చిపోవడం రెండూ తప్పుతాయి.

బంగారం, నికెల్, తోలు

మగవాళ్లకి బంగారం ధరించడం నిషేధమని హదీసుల్లో స్పష్టంగా ఉంది. కొన్ని వాచీల్లో పసుపు రంగు పూత మాత్రమే కాదు. రోలెక్స్ స్టీల్-పసుపు బంగారం కలిసిన మోడళ్లలో మధ్య లింకులు 18 క్యారెట్ల అసలు బంగారం. డే-డేట్ మోడల్ బంగారం, ప్లాటినంలలోనే వస్తుంది. అల్లుడికి కొనేముందు బిల్లులో లోహం ఏమని రాశారో చదవండి. పూత విషయంలో మీ ఆలిమ్‌ని అడిగి నిర్ణయించుకోండి.

దురద, ఎర్రటి మచ్చలు వస్తుంటే నికెల్ పడకపోవడం ఒక కారణం కావచ్చు. వాచీల్లో ఎక్కువగా వాడే 316ఎల్ స్టీల్‌లో 10 శాతానికి పైగా నికెల్ ఉంటుంది. మామూలుగా అది బయటికి రావడం తక్కువ, కానీ పడనివాళ్లకి చెమటలో ఇబ్బంది కావచ్చు. వాళ్లకి టైటానియం మంచిది, స్టీల్ కంటే దాదాపు 40 శాతం తేలిక కూడా. మచ్చలు తగ్గకపోతే చర్మ డాక్టర్‌కి చూపించండి.

తోలు బెల్టు కొనేవాళ్లు అది ఏ తోలో, లోపలి అస్తరు దేనిదో అడగాలి. పంది తోలుతో చేసే బెల్టులూ ఉన్నాయి. పైగా మన ఊరి చెమటకి తోలు తొందరగా పాడై వాసన వస్తుంది. ఎండాకాలానికి స్టీల్ చైన్, రబ్బరు బెల్టు నయం.

జాగ్రత్తలు

బీచ్‌కి వెళ్లొచ్చినా, పోర్టులో పనిచేసి వచ్చినా ఉప్పు లింకుల మధ్య చేరుతుంది. నీటిని తట్టుకునే వాచీ అయితే కిరీటం బిగించి ఉందో లేదో చూసి మంచినీళ్లతో కడగండి. చైన్‌ని మెత్తటి బ్రష్‌తో రుద్ది పొడిగుడ్డతో తుడవండి. 30 మీటర్లు అని రాసి ఉన్న వాచీ చినుకులకే, ఈతకి కాదు. స్టీల్ ప్లాంట్‌లో, వర్క్‌షాపుల్లో తిరిగే యంత్రాల దగ్గర ఏ చైనూ వద్దు, తీసి లాకర్‌లో పెట్టండి. బలమైన అయస్కాంతాల దగ్గరికి వెళ్తే మెకానికల్ వాచీ టైము కూడా తప్పుతుంది.

చివరగా ఒక మాట. తీసిన లింకుల్ని షాపులో వదిలేయకండి. వారంటీ కార్డు, బిల్లుతో పాటు డబ్బాలో దాచండి. ఒళ్లు చేసినా, రేపు ఆ వాచీ కొడుకు చేతికి వెళ్లినా ఆ లింకులే కావాలి. అమ్మాల్సి వచ్చినా లింకులు లేని చైన్‌కి ధర తగ్గుతుంది. గల్ఫ్ నుంచి కానుక తెచ్చేవాళ్లు కొలత తెలియకుండా అక్కడే లింకులు తీయించకండి. మొత్తం చైన్‌తో తెచ్చి, కట్టుకునే మనిషి చేతికి ఇక్కడే సరిచేయిస్తే ఆ వాచీ బీరువాలో కాక చేతికే ఉంటుంది.