అద్దాలు దించిన లెక్క

2024 ఏప్రిల్ 8 నుంచి హైదరాబాద్‌లో యాప్‌ల మీద బండ్లు నడిపే క్యాబ్ డ్రైవర్లు ఇక ఏసీ వెయ్యమని ప్రకటించారు. పిలుపు ఇచ్చింది తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్. వాళ్లు చూపించిన లెక్క సూటిగా ఉంది: ఏసీతో నడిపితే కిలోమీటరుకు 16 నుంచి 18 రూపాయల ఖర్చు, కంపెనీ కమీషన్ పోగా చేతికొచ్చేది 10 నుంచి 12 రూపాయలు. 2022 వేసవి మొదట్లోనూ ఈ యూనియన్ ఇలాగే ‘నో ఏసీ’ అన్నది. ఆ ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 119 రూపాయల 49 పైసలకు, డీజిల్ 105 రూపాయల 49 పైసలకు చేరాయి. ఎర్రటి ఎండలో క్యాబ్ ఎక్కినవాళ్లకు ఈ ‘నో ఏసీ’ మొండితనంగా కనిపించి ఉండవచ్చు. కానీ ఈ నగరపు రోడ్లనూ, ఇక్కడ కిరాయి బండ్లు నడిచిన చరిత్రనూ కలిపి చూస్తే డ్రైవర్ల మాటే సరైనదని తేలుతుంది. ఏసీ ఖర్చు ఎప్పుడూ ఉన్నదే. మారిందల్లా దాన్ని మోసే మనిషి.

ముందు రోడ్డు సంగతి, జల్‌పల్లి ఉదాహరణగా. చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ మీదుగా షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్ వైపు సాగే దారికి ఆనుకునే జల్‌పల్లి ఉంది. ఒకవైపు పాతబస్తీ, మరోవైపు శంషాబాద్ విమానాశ్రయం. పాతబస్తీ వైపు వెళ్తే ఆటోలు, బస్సులు, సరుకు లారీలు, దుకాణాల ముందు నిలిపిన బండ్ల నడుమ కారు ఆగుతూ కదులుతూ పోవాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగం దొరికితే గొప్ప. గాలి కారును వెనక్కి నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ముందుభాగం రెండు చదరపు మీటర్లకు కాస్త పైన, గాలి నిరోధక గుణకం 0.32 ఉన్న మామూలు సెడాన్‌ను తీసుకుని లెక్క కడదాం. 30 కిలోమీటర్ల వేగంలో గాలిని చీల్చుకుపోవడానికి పావు కిలోవాట్ చాలు. అద్దాలన్నీ దించినందువల్ల ఆ నిరోధం ఐదో వంతు పెరిగిందనుకున్నా అదనపు భారం 50 వాట్లకు మించదు. అంటే ఇంట్లో తిరిగే ఒక పాత సీలింగ్ ఫ్యాను తినేపాటి కూడా కాదు. ఎండలో కాగిన కారును చల్లబరచే కంప్రెసర్ మాత్రం ఇంజిన్ దగ్గర రెండు మూడు కిలోవాట్లు లాక్కుంటుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగితే గాలి నిరోధం సున్నా అవుతుంది, కంప్రెసర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అడుగు కదలకుండానే డీజిల్ ఖర్చవుతుంది. జల్‌పల్లి నుంచి చార్మినార్ దాకా అద్దాలా, ఏసీనా అన్నది అసలు పోటీయే కాదు.

ఇక చరిత్ర. హైదరాబాద్ రోడ్ల మీద మోటారు బండి మొదటినుంచీ గాలి మీదే ఆధారపడింది. నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. ఆ బస్సుల్లో చల్లదనమంటే కిటికీయే. స్వాతంత్ర్యం తర్వాత మన రోడ్లను ఏలిన అంబాసిడర్, ఫియట్‌గా వచ్చి ప్రీమియర్ పద్మినిగా స్థిరపడిన కారు కూడా అలాంటివే. వాటి ముందు తలుపులకు పెద్ద అద్దం పక్కన చిన్న త్రికోణపు అద్దం ఉండేది. దాన్ని కాస్త తిప్పితే బయటి గాలి నేరుగా లోపలి మనిషి మీదికి మళ్లేది. ఇంత సాదాసీదా ఏర్పాటుకు ఇంధనం ఖర్చు దాదాపు లేదు. తర్వాతి కార్లలో ఆ త్రికోణం కనుమరుగైంది. వేడి దేశానికి అది తీరని నష్టమని నా అభిప్రాయం.

కార్లో ఏసీ అమెరికా నుంచి వచ్చింది. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లకు దాన్ని అదనపు సౌకర్యంగా అమ్మారు. ఆ యంత్రాన్ని ఆపాలంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సి వచ్చేది. ఏసీ ఇంజిన్ బలాన్ని తీసుకునే యంత్రమని ఆ బెల్టు కళ్లకు కట్టినట్టు చూపించింది. 1954లో న్యాష్ కంపెనీ దాన్ని ముందువైపు ఇమిడే ఒకే అమరికగా చేశాక అది మామూలు కొనుగోలుదారుకు అందుబాటులోకి వచ్చింది. అక్కడి ఇంజిన్లు పెద్దవి, పెట్రోలు చవక. మన దగ్గర 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, బలం 40 హార్స్‌పవర్ లోపే. అందులో రెండు మూడు హార్స్‌పవర్ కంప్రెసర్‌కు పోతే డ్రైవర్ కాలికి వెంటనే తెలిసేది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు ఏసీ ఆపే అలవాటు అలా వచ్చింది. 1998 చివర్లో వచ్చిన ఇండికా డీజిల్ ఏసీని కిరాయి బండి దాకా తెచ్చింది. అప్పటికీ న్యాయమైన పద్ధతి ఒకటి నిలిచే ఉంది. ట్రావెల్స్ వాళ్ల దగ్గర ఏసీకి ఒక రేటు, నాన్ ఏసీకి ఇంకో రేటు. చల్లదనం కావాలన్నవారు దాని డీజిలూ ఇచ్చేవారు, వద్దన్నవారు అద్దాలు దించుకునేవారు. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు.

ఆ గీత చెరిగింది 2007 తర్వాత. రేడియో క్యాబ్ కంపెనీలు ఏసీ బండినే తమ గుర్తింపుగా పెట్టుకున్నాయి. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. దూరాలు పెరిగాయి, ఏసీ బండి విమాన ప్రయాణంలో భాగమైపోయింది. 2013 తర్వాత యాప్‌లు వచ్చి కిరాయిని ఒకే అంకెగా చూపించాయి. ఆ అంకెలో ఏసీ ఉందో లేదో ప్రయాణికుడికి తెలియదు, ఉందనే అనుకుంటాడు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది. పెరిగిన ధర నేరుగా డ్రైవరు మీద పడింది. మధ్యలో 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించకూడదంది. భద్రత కోసం ఇచ్చిన ఆ తీర్పును తప్పు పట్టను. కానీ ఎండ వేడి లోపలికి ఎక్కువ చేరితే కంప్రెసర్ పని పెరుగుతుంది. ఆ భారమూ స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషిదే.

డ్రైవర్ల వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. వేగంగా పోయేటప్పుడు అద్దాలు దించితేనే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుందని చాలామంది నమ్మకం. అది పూర్తిగా తప్పు కాదు. పైన చెప్పిన సెడాన్ 100 కిలోమీటర్ల వేగంలో గాలి మీద ఎనిమిదిన్నర కిలోవాట్లు ఖర్చు చేస్తుంది. అందులో ఐదో వంతు అంటే 1.7 కిలోవాట్లు. కంప్రెసర్ వాడకానికి అది దగ్గరగానే ఉంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఒక టొయోటా కరోలాను, ఒక ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ను పరీక్షించింది. తక్కువ వేగాల్లో రెండింటికీ ఏసీ ఖర్చే ఎక్కువని, చిన్న కారు విషయంలో మాత్రం బాగా ఎక్కువ వేగాల దగ్గర రెండు ఖర్చులూ సమానమవుతాయని తేలింది. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక అద్దాలు మూసి ఏసీ వేస్తే పెద్దగా నష్టం లేదని ఒప్పుకోవలసిందే. అయితే నగరంలో క్యాబ్ రోజులో ఎక్కువ భాగం నడిచేది ఔటర్ మీద కాదు. అమెరికా హైవేలకు సరిపోయే మాటను చాంద్రాయణగుట్ట చౌరస్తాకు తెచ్చి అతికించలేం.

కొత్త కార్ల మైలేజీ బాగుంటుంది, ఏసీ ప్రభావం లెక్కలోకి రాదన్నది ఇంకో వాదన. మన దేశంలో కొత్త కారుకు కంపెనీ ప్రచారం చేసుకునే మైలేజీ అంకె ఏసీ ఆపి చేసిన పరీక్ష నుంచి వస్తూ వచ్చింది. అమెరికాలో 2008 మోడళ్ల నుంచే 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి చేసే పరీక్షను అధికారిక అంకెలో కలిపారు. అక్కడి ఇంధన శాఖ బాగా వేడిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా చిన్న ప్రయాణాల్లో, ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి మించి పడిపోవచ్చని చెబుతోంది. వేడి, చిన్న ప్రయాణం, రెండూ హైదరాబాద్ క్యాబ్‌కు మే నెలలో నిత్యకృత్యాలు. అప్పు చేసి బండి కొన్న డ్రైవరు ఏసీ లేని అంకెను చూసి కిస్తీలకు ఒప్పుకుని, ఏసీ వేసి బతకాల్సి వస్తోంది.

ఇక ఆరోగ్యం. ఈ అభ్యంతరాన్ని నేను అన్నిటికన్నా గౌరవిస్తాను. జల్‌పల్లికి దగ్గర్లోనే కాటేదాన్ పారిశ్రామిక వాడ ఉంది. దుమ్మూ పొగా ఉన్న దారుల్లో అద్దాలు దించడం సుఖం కాదు. 40 డిగ్రీల ఎండలో పసిపిల్లతోనో, ఆసుపత్రికి వెళ్లే పెద్దమనిషితోనో ప్రయాణించేవారికి ఏసీ విలాసం కాదు, అవసరం. పన్నెండు గంటలు ఆ సీట్లోనే కూర్చునే డ్రైవరుకూ అది అవసరమే. అయితే అవసరమన్న మాట ఖర్చును రద్దు చెయ్యదు. చల్లదనం కావలసిందేనంటే దాని డీజిల్‌కు ధర కట్టవలసిందే.

కేంద్రం 2020లోనూ, మళ్లీ 2025లోనూ యాప్ క్యాబ్ కంపెనీలకు (అగ్రిగేటర్లకు) ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూల కిరాయిని నిర్ణయించే అధికారం రాష్ట్రానిది. సొంత బండి డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలని కూడా వాటిలో ఉంది. తెలంగాణ రవాణా శాఖ ఆ అధికారాన్ని వాడి, పాత ట్రావెల్స్ పద్ధతిలోనే ఏసీకి, నాన్ ఏసీకి రెండు ధరలు ప్రకటించాలి. బుక్ చేసే ముందే రెండూ తెర మీద కనిపించాలి. అప్పటిదాకా ఏసీ వెయ్యమని అడిగే ప్రయాణికులు ఆ ఖర్చు కింద మరికొన్ని రూపాయలు డ్రైవరు చేతిలో పెట్టాలి.