గ్రిల్ చికెన్

గ్రిల్ చికెన్ అనగా ఇనుప ఊచలపై గాని, జాలీపై గాని ఉంచి, నిప్పుల సెగతో లేదా గ్యాసు, విద్యుత్తు వేడితో కాల్చిన కోడిమాంసం. ముందుగా మాంసానికి ఉప్పు, కారం, పెరుగు, మసాలాలు పట్టించి కొన్ని గంటలు ఊరనిచ్చి, పిమ్మట కాలుస్తారు. వేపుడుకు, కూరకు కావలసినంత నూనె దీనికి అవసరం లేదు. హోటళ్ళలో విరివిగా లభించే ఈ వంటకాన్ని కుంపటి, ఓవెన్ లేదా మందపాటి పెనం ఉన్న ఇంట్లో కూడా తయారు చేసుకొనవచ్చును. అయితే ఇంట్లో కాల్చునపుడు ముక్క పైభాగం నల్లగా మాడిపోయి, ఎముక వద్ద మాంసం పచ్చిగా మిగిలిపోవడం తరచుగా జరిగే పొరపాటు. సరిగా ఉడకని కోడిమాంసం వలన వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చే ప్రమాదం కలదు. కావున వేడిని అదుపులో ఉంచడం, మాంసం లోపలి వరకు ఉడికినదో లేదో తెలుసుకోవడం ఈ వంటలో ముఖ్యమైన అంశాలు.

పేరు

"గ్రిల్" అనే ఇంగ్లీషు మాటకు మాంసాన్ని కాల్చుటకు వాడే ఊచల చట్రమని అర్థం. ఆ చట్రంపై కాల్చడాన్ని కూడా అదే మాటతో పిలుస్తారు. తెలుగు పట్టణాలలో దుకాణాల ముందు గాజు పెట్టెలో తిరిగే చువ్వలకు గుచ్చి కాల్చే మొత్తం కోడిని కూడా "గ్రిల్ చికెన్" అనే పిలుస్తారు. మట్టితో చేసిన లోతైన తందూరు పొయ్యిలో సీకులకు గుచ్చి కాల్చినది తందూరీ చికెన్. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో "బార్బెక్యూ" అనగా తక్కువ వేడిపై, పొగలో, గంటల తరబడి మగ్గించే పద్ధతి.

చరిత్ర

మాంసాన్ని నిప్పులపై కాల్చడం మానవుడు ఎరిగిన వంట పద్ధతులలో అతి ప్రాచీనమైనది. పెంపుడు కోడి దక్షిణ, ఆగ్నేయాసియా అడవులలోని ఎర్ర అడవికోడి నుండి వచ్చినది. కోడిని నిప్పులపై కాల్చే వంటకాలు అనేక దేశాలలో ఉన్నాయి. జపానులో చిన్న ముక్కలను వెదురు పుల్లలకు గుచ్చి కాల్చే యాకిటోరి, జమైకాలో మిరియాల జాతికి చెందని పిమెంటో చెట్టు కట్టెల పొగపై కాల్చే జెర్క్ చికెన్, పెరూలోని పోయో ఆ లా బ్రాసా వీటిలో ప్రసిద్ధమైనవి.

భారతదేశంలో తందూరీ చికెన్ 1947 తరువాత విశేష ప్రచారం పొందినది. దేశ విభజన సమయంలో పెషావరు నుండి ఢిల్లీకి వచ్చినవారు దరియాగంజ్‌లో ప్రారంభించిన మోతీ మహల్ హోటలు ఇందుకు ముఖ్య కారణం.

అమెరికాలో ఇంటి పెరట్లో మాంసం కాల్చుకొనే అలవాటు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బాగా పెరిగినది. 1952లో షికాగో ప్రాంతానికి చెందిన జార్జ్ స్టీఫెన్ లోహపు తేలుబుంగ (నీటిపై తేలే గుర్తు) సగభాగాలను ఉపయోగించి మూత గల గుండ్రని కుంపటిని రూపొందించాడు. ఇదే తరువాత వెబర్ కెటిల్‌గా పేరు పొందినది. మూత వలన గాలి అదుపులో ఉండి మంట ఎగయదు. వేడి ముక్క చుట్టూ తిరుగుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోళ్ళ శాస్త్ర ఆచార్యుడైన రాబర్ట్ బేకర్ నూనె, వెనిగర్, గుడ్డు కలిపిన పూతతో కోడిని కాల్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అది "కార్నెల్ చికెన్" పేరుతో న్యూయార్క్ రాష్ట్రంలో నేటికీ వాడుకలో ఉన్నది.

తెలుగునాట

తెలుగు పల్లెలలో నాటుకోడిని ఈకలు తీసిన తరువాత పసుపు రాసి మంటపై కాల్చడం పాత అలవాటు. ఇది మిగిలిన నూగు ఈకలను తొలగించి, చర్మానికి ప్రత్యేకమైన వాసన ఇస్తుంది. అయితే ఇది వంటకు ముందు చేసే పని మాత్రమే. ఆ మాంసాన్ని మరల కూరగానో పులుసుగానో ఉడికిస్తారు. అరకు, మారేడుమిల్లి ప్రాంతాలలో ప్రసిద్ధి చెందిన బొంగు చికెన్ నిప్పులపై తయారైనప్పటికీ, వెదురు బొంగు లోపలి ఆవిరిలో ఉడుకుతుంది కనుక గ్రిల్ చికెన్ కిందికి రాదు.

వేడి పనిచేయు తీరు

మాంసం పైభాగం సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు దాటినపుడు అందులోని ప్రోటీన్లు, చక్కెరలు కలిసి గోధుమ రంగును, కాల్చిన వాసనను ఇస్తాయి. దీనిని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరిట మైలార్డ్ చర్య అంటారు. ముక్క తడిగా ఉన్నంతవరకు పైభాగం 100 డిగ్రీల వద్దనే నిలిచిపోతుంది. కావున కాల్చే ముందు ముక్కపై కారే నీటిని, అదనపు మసాలాను తుడిచివేయవలెను.

పైభాగానికి వేడి త్వరగా తగులుతుంది కాని మాంసం గుండా లోపలికి నెమ్మదిగా పోతుంది. మంట మరీ ఎక్కువైతే లోపలికి వేడి చేరకముందే పైన మాడిపోతుంది. మందమైన తొడ ముక్కలలో ఈ తేడా మరింత ఎక్కువ. దీనికి పరిష్కారం నిప్పులను కుంపటిలో ఒకవైపునకే చేర్చి, రెండవవైపు ఖాళీగా ఉంచడం. ముక్కలను మొదట ఖాళీ వైపు మూత కింద ఉడకనిచ్చి, చివరలో నిప్పులపైకి మార్చి రంగు వచ్చే వరకు కాలుస్తారు.

మాంసం ఎంపిక

కాళ్ళు, తొడలలో కొవ్వు, సంధాన కణజాలం ఎక్కువ. ఇవి 80 డిగ్రీలు దాటినా ఎండిపోవు. పైగా మరింత మెత్తబడతాయి. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ కనుక కొద్దిగా ఎక్కువ కాలినా పీచుగా మారుతుంది. కావున మొదటిసారి ప్రయత్నించేవారికి కాళ్ళు, తొడలు అనుకూలం. రెండు రకాలను ఒకేసారి కాల్చవలసి వస్తే రొమ్ము ముక్కలను ఆలస్యంగా వేసి ముందుగా తీయవలెను. ముదురు నాటుకోడి కండరాలు గట్టిగా ఉండుటచే నేరుగా కాల్చుటకు అంత తగినది కాదు; బ్రాయిలర్ కోడి ఇందుకు సరిపోతుంది.

కావలసిన పదార్థాలు

కోడి కాళ్ళు, తొడలు: 1 కిలో
చిక్కని పెరుగు: 150 గ్రాములు
అల్లం వెల్లుల్లి ముద్ద: 2 పెద్ద చెంచాలు
కారం: 2 చిన్న చెంచాలు
ఉప్పు: 2 చిన్న చెంచాలు
పసుపు: అర చిన్న చెంచా
గరం మసాలా: 1 చిన్న చెంచా
నిమ్మకాయ: 1
నూనె: 2 పెద్ద చెంచాలు

ఊరబెట్టుట

ముక్కలకు ఎముక వరకు రెండు మూడు గాట్లు పెట్టవలెను. దీని వలన మసాలా లోపలికి చేరడమే కాక, వేడి కూడా త్వరగా ఎముకను చేరుతుంది. మొదట ఉప్పు, నిమ్మరసం పట్టించి, అరగంట తరువాత మిగిలిన పదార్థాలు కలిపి నాలుగు నుండి ఎనిమిది గంటలు ఫ్రిజ్‌లో ఉంచవలెను. ఉప్పు మాంసంలోకి పోయి నీటిని పట్టి ఉంచుతుంది. పెరుగులోని ఆమ్లం పైపొరను మెత్తపరుస్తుంది. మసాలాలు మాత్రం కొన్ని మిల్లీమీటర్లకు మించి లోపలికి పోవు. కొందరు పచ్చి బొప్పాయి ముద్ద కలుపుతారు. ఇందులోని పపైన్ మాంసాన్ని మెత్తపరుస్తుంది కాని, మోతాదు లేదా సమయం మించితే ముక్క పైభాగం పిండిలా తయారవుతుంది. పంచదార, తేనె కలిపిన పూతలు త్వరగా మాడతాయి కనుక వాటిని చివరి నిమిషాలలోనే పూయవలెను.

కాల్చు విధానం

1. బొగ్గులను రాజేసి, వాటిపై తెల్లని బూడిద పొర ఏర్పడే వరకు ఆగవలెను. మంట లేచుచున్నపుడు మాంసం పెట్టరాదు.
2. నిప్పులను ఒకవైపునకు చేర్చి, ఊచలను వేడిచేసి, నూనె గుడ్డతో తుడవవలెను.
3. ముక్కలను నిప్పులు లేని వైపు అమర్చి మూత పెట్టవలెను. పదేసి నిమిషాలకు ఒకసారి తిప్పవలెను.
4. సుమారు 30 నిమిషాల తరువాత ముక్కలను నిప్పులపైకి మార్చి, ఒక్కొక్క వైపు రెండు మూడు నిమిషాలు కాల్చవలెను. కొవ్వు కారి మంట ఎగిసినచో ముక్కలను వెంటనే పక్కకు జరపవలెను, నీళ్ళు చల్లరాదు.
5. దించిన తరువాత ఐదు నిమిషాలు ఆగి వడ్డించవలెను.

కుంపటి లేనివారు ఓవెన్‌ను ముందుగా 220 డిగ్రీలకు వేడిచేసి, ముక్కలను జాలీపై పెట్టి 35 నుండి 45 నిమిషాలు కాల్చవచ్చును. కొవ్వు పడుటకు జాలీ కింద పళ్ళెం ఉంచవలెను. గ్యాసు పొయ్యిపై మందపాటి ఇనుప పెనం వాడునపుడు ఎముక లేని పలుచని ముక్కలే తగినవి. ఈ సమయాలన్నీ ఉజ్జాయింపు మాత్రమే. ముక్క మందాన్ని బట్టి మారుతాయి.

ఉడికినదని తెలుసుకొనుట

మాంసం రంగును బట్టి నిర్ణయించడం నమ్మదగినది కాదు. పసుపు, కారం పట్టించిన ముక్క పచ్చిగా ఉన్నపుడే కాలినట్లు కనిపించవచ్చును. లేత బ్రాయిలర్ కోళ్ళ ఎముకలు పూర్తిగా గట్టిపడనందున, మూలుగలోని ఎర్రని పదార్థం బయటకు వచ్చి, పూర్తిగా ఉడికిన మాంసం కూడా ఎముక వద్ద ఎర్రగా ఉండవచ్చును. నమ్మదగిన సాధనం మాంసంలోకి గుచ్చే ఉష్ణమాపకం. దాని మొనను ముక్కలో అతి మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చినపుడు 74 డిగ్రీల సెంటీగ్రేడు (165 డిగ్రీల ఫారన్‌హీట్) చూపవలెను. అమెరికా వ్యవసాయ శాఖ అన్ని రకాల కోడిమాంసానికి సూచించిన ఉష్ణోగ్రత ఇదే. ఉష్ణమాపకం లేనివారు అతి పెద్ద ముక్కను ఎముక వరకు కోసి చూడవలెను. మాంసం జిగురుగా, మెరుస్తూ, ఎముకను అంటిపెట్టుకొని ఉన్నచో మరికొంతసేపు కాల్చవలెను.

ఆరోగ్యం, జాగ్రత్తలు

పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా ఉండవచ్చును. పసుపు, ఉప్పు వేసి కడిగినంత మాత్రాన ఇవి పోవు. పైగా నీటి తుంపరల ద్వారా పక్కనున్న గిన్నెలకు, కూరగాయలకు చేరతాయి. కడిగే అలవాటు ఉన్నవారు తుంపరలు లేవకుండా కడిగి, ఆ చోటును, చేతులను సబ్బుతో శుభ్రం చేసుకోవలెను. పచ్చి మాంసం పెట్టిన పళ్ళెంలో కాల్చిన ముక్కలను తిరిగి పెట్టరాదు. ఊరబెట్టిన మసాలాను మరిగించకుండా పైపూతగా గాని, నంజుకొనుటకు గాని వాడరాదు. వండిన మాంసాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. ఎండాకాలంలో ఒక గంటే హద్దు.

గ్రిల్ చికెన్‌తో వడ్డించే మయోనైజ్‌ను పచ్చి గుడ్డుతో చేసినచో అదే బాక్టీరియా ప్రమాదం కలదు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఒక సంవత్సరం పాటు నిషేధించినది.

బొగ్గుల కుంపటిని మూసిన గదిలో గాని, తలుపులు మూసిన వంటింట్లో గాని వాడరాదు. బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలనొప్పి, మత్తుతో మొదలై ప్రాణాలు పోయే ప్రమాదం కలదు. నిప్పులు ఆరినట్లు కనిపించినా బూడిద కింద గంటల తరబడి రగులుతూ ఉంటాయి కనుక కుంపటిని ఇంట్లోకి తేరాదు.

మాంసం మాడినపుడు హెటిరోసైక్లిక్ అమీన్లు, కొవ్వు నిప్పులపై పడి పొగ లేచినపుడు పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు ఏర్పడతాయి. జంతువులపై జరిపిన ప్రయోగాలలో ఇవి కాన్సర్ కలిగించినట్లు తేలినది. ఆహారం ద్వారా మనుషులలో ఎంత ప్రమాదమో ఇంకా నిర్ధారణ కాలేదు. మసాలాలో ఊరబెట్టడం, ముక్కలను తరచుగా తిప్పడం, మంట తగలకుండా చూడడం, మాడిన భాగాన్ని తీసివేయడం వలన వీటిని తగ్గించవచ్చును.

వడ్డన

గ్రిల్ చికెన్‌ను ఉల్లిపాయ చక్రాలు, నిమ్మ చెక్కలు, పుదీనా పచ్చడితో వడ్డిస్తారు. రుమాలీ రొట్టె, నాన్ లేదా పులావుతో కలిపి తింటారు. మిగిలిన మాంసాన్ని ఎముకల నుండి విడదీసి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు నాలుగు రోజులలోపు బాగా వేడిచేసి వాడుకొనవచ్చును.