వెనక్కి తిరగడం కూడా విద్యే

మంచు అంటే మన తెలుగువాళ్ళకి ముచ్చటే గాని భయం లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు పెడుతుంటే వేళ్ళు కొంకర్లు పోవడం, గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు తడిసి మెరవడం, అరుగు మీద తాతగారు శాలువా బిగించుకుని "ఎదురింటి గుమ్మం కూడా అవుపించడం లేదర్రా" అనడం - అంతే. గడ్డిపరక మీది చుక్కా మంచే, రోడ్డుని మూసేసే పొగా మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. అన్నిటినీ ఒక్క మాటతో సరిపెట్టుకున్నామంటే, దాంతో ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు మనకి తక్కువన్న మాట.

చిన్న విమానం నడిపేవాళ్ళకి మాత్రం ఇవన్నీ వేరువేరు శత్రువులు. పొగమంచు దారిని దాచేస్తుంది. కురిసే మంచు నేలనీ ఆకాశాన్నీ కలిపి ఒకే తెల్లదుప్పటి చేసేస్తుంది. గడ్డకట్టే మంచు రెక్కల మీద పేరుకుంటే బరువు పెరగడం ఒక్కటే కాదు, రెక్క ఆకారమే మారిపోయి గాలి మీద పట్టు తప్పుతుంది. గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటర్లో ఐసు కట్టిందంటే ఇంజనుకి ఊపిరాడదు.

ఈ సంగతులు చదివినప్పుడల్లా నాకు ఎమీ జాన్సన్ గుర్తొస్తుంది. 1903లో ఇంగ్లండులోని హల్ అనే రేవుపట్నంలో చేపల వ్యాపారి ఇంట పుట్టింది. షెఫీల్డులో బి.ఏ. చదివింది. లండన్‌లో ఒక న్యాయవాది ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ సెలవురోజులూ విమానాల షెడ్డుకి పోయేది. నడపడం నేర్చుకుని ఊరుకోలేదు, చేతులకి గ్రీజు పూసుకుని ఇంజను విప్పి బిగించడం కూడా నేర్చుకుంది. 1929లో పైలట్ లైసెన్సు, అదే ఏడు గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు! బి.ఏ. చదివినవాళ్ళు దేనికీ పనికిరారనే పెద్దమనుషులు ఈ మాట కాస్త వినాలి.

1930 మే 5న ఆవిడ జిప్సీ మాత్ అనే చిన్న విమానంలో ఒంటరిగా ఆస్ట్రేలియాకి బయల్దేరింది. అంతవరకు చేసిన దూరప్రయాణమల్లా లండన్ నించి పుట్టింటికి! టర్కీలో టారస్ పర్వతాల మధ్య మబ్బులో చిక్కుకుని కొండకి కొట్టుకోబోయి తప్పించుకుంది. ఇరాక్ ఎడారిలో ఇసుకతుపానుకి తాళలేక నేల మీద దిగిపోయింది. ఝాన్సీలో పెట్రోలు అయిపోయి సిపాయిల పరేడు మైదానంలో వాలింది. రంగూన్ దగ్గర రెక్క చిరిగితే, పాత విమానాల గుడ్డతో కుట్టిన చొక్కాలు విప్పి మాసికలు వేశారు. మే 24న డార్విన్‌లో దిగేసరికి 11,000 మైళ్ళు, 19 రోజుల పైచిలుకు. ఒంటరిగా ఆ దారిన పోయిన మొట్టమొదటి ఆడమనిషి ఆవిడే.

ఇంత చేసిన మనిషికి కూడా మేఘం లోపల ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. అది ఏ కొండ చాటునో కాదు, మనిషి చెవిలోనే!

ఒప్పులకుప్ప ఆడని ఆడపిల్ల ఉంటుందా? గిరగిరా తిరిగి ఆగితే మనం ఆగినా లోకం ఆగదు, ఇల్లూ వాకిలీ తిరుగుతూనే ఉంటాయి. లోపలి చెవిలో సన్నటి గొట్టాలున్నాయి, వాటినిండా ద్రవం. మన తూకం చెప్పేది అదే. తిరగడం మొదలెట్టినప్పుడూ ఆపినప్పుడూ దానికి తెలుస్తుంది. నెమ్మదిగా, ఒకే తీరున తిరుగుతూ ఉంటే మాత్రం కాసేపటికి సద్దుమణిగి "తిన్నగానే పోతున్నాం" అని చెప్తుంది. కళ్ళకి నేల కనబడుతున్నంతసేపూ ఈ అబద్ధం చెల్లదు. మబ్బులోనో మంచులోనో కళ్ళు మూతపడ్డట్టయిందా, విమానం పక్కకి ఒరిగి, సుడి తిరుగుతూ కిందికి జారుతున్నా పైలటుకి తెలీదు. తీరా సరిచేయబోతే, "అయ్యో, అటు ఒరిగిపోతున్నాం" అని చెవి ఇంకో అబద్ధం చెప్తుంది.

దీనికి విరుగుడు కూడా మన పిల్లల ఆటలోనే ఉంది - బొంగరం. తిరుగుతున్నంతసేపూ అది తన నిలకడ వదలదు. ఆ సూత్రం మీద తయారయిందే కృత్రిమ క్షితిజరేఖ అనే పరికరం. బయట ఏమీ కనబడకపోయినా, రెక్కలు సమంగా ఉన్నాయో లేదో లోపలి గడియారం లాంటి బిళ్ళ మీద చూపిస్తుంది. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్ తన సీటు చుట్టూ పూర్తిగా మూసేయించుకుని, ఇలాంటి పరికరాలు చూసుకుంటూనే పైకి లేచి, తిరిగి, నేలకి దిగాడు. ఒళ్ళు చెప్పేది కాదు, బొంగరం చెప్పేది నమ్మాలి. అయితే ఆ నమ్మకం పుట్టుకతో రాదు, సాధనతో రావాలి.

రెండో ప్రపంచయుద్ధంలో కర్మాగారాల నించి కొత్త విమానాలని వైమానిక దళానికి చేరవేసే పని ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలియరీ అనే సంస్థ చేసేది. 1940 జనవరిలో పాలీన్ గోవర్ నాయకత్వంలో అందులో ఆడవాళ్ళు ప్రవేశించారు. ఆ చలికాలంలోనే పైకప్పు లేని విమానాలు స్కాట్లండు దాకా తోలారు. ఆస్పత్రి నేల తుడవడం చాతకానివాళ్ళు విమానాల కోసం ఎగబడుతున్నారని ఒక విమాన పత్రిక సంపాదకుడు ఈసడించాడు. మొదట్లో జీతం మగవాళ్ళకంటే తక్కువ, సమానమయింది 1943లో. నేల మీదివాళ్ళతో మాట్లాడడానికి రేడియో లేదు. మబ్బుల్లో పరికరాలు చూసి నడపడం ఆ సంస్థ నేర్పలేదు. నేర్పితే మబ్బుల్లోకి పోవాలని బుద్ధి పుడుతుందట! మేఘాల కిందే, నేల చూసుకుంటూ, రైలుపట్టాలూ ఏరులూ ఆనవాలు పట్టుకుంటూ పోవాలని నియమం.

1941 జనవరి 4న ఎమీ రెండింజన్ల ఆక్స్‌ఫర్డు విమానం తీసుకుని స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్ నించి బయల్దేరి, ఆ రాత్రి బ్లాక్‌పూల్‌లో చెల్లెలింట్లో ఆగింది. మర్నాడు వాతావరణం ఏమీ బాగాలేదు. అయినా మధ్యాహ్నం 12 కాకముందే లేచింది. ఆక్స్‌ఫర్డు దగ్గర కిడ్లింగ్టన్‌లో దిగాలి, గంటా గంటన్నర దారి. మూడున్నర ప్రాంతంలో, వెళ్ళాల్సిన చోటుకి వంద మైళ్ళ అవతల, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట పారాచూట్ ఒకటి దిగుతుంటే ఓడల మీదివాళ్ళు చూశారు. మంచు కురుస్తోంది. తాళ్ళు విసిరారు, అందుకోలేకపోయింది. హాస్ల్‌మియర్ నౌక అధికారి వాల్టర్ ఫ్లెచర్ ఆ గడ్డకట్టే నీళ్ళలోకి దూకాడు. అతనూ బతకలేదు. ఎమీ సంచీ దొరికింది గాని ఆమె శరీరం దొరకలేదు. 37 ఏళ్ళు.

తర్వాత ఎన్ని పుకార్లని! విమానంలో రహస్య ప్రయాణికుడున్నాడని కొందరు, మనవాళ్ళే శత్రువనుకుని కాల్చారని కొందరు. నవలలు రాసేదాన్ని కాబట్టి నేను ఆ గూఢచారి కథకి ఎగిరి గంతెయ్యాలి. కాని నన్ను వదలనిది ఆ మూడున్నర గంటల చిల్లర. కింద తెలుపు, పైన తెలుపు, తగ్గిపోతున్న పెట్రోలు ముల్లు. ఒంటరిగా కూచున్న మనిషి.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు ఒక పరీక్ష చేశారు. పరికరాలతో నడపడం రాని 20 మందిని, పక్కన ఉపాధ్యాయుణ్ణి పెట్టి, బయటి దృశ్యం కనబడకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో! మూడు నిమిషాలకి రెండు సెకన్లు తక్కువ. పొయ్యి మీద పాలు పొంగేపాటి వ్యవధి. ఆ తర్వాత వాళ్ళకి కొద్ది గంటలు నేర్పింది ఏమిటో తెలుసా? మబ్బుని జయించడం కాదు. పరికరాలు చూసుకుంటూ మెల్లగా సగం చుట్టు తిరిగి, వచ్చిన దారినే వెలుతురులోకి రావడం. అది నేర్చుకున్నాక దాదాపు అందరూ క్షేమంగా బయటపడ్డారు.

వెనక్కి తిరగడం కూడా ఒక విద్యేనని, దాన్ని నేర్పాలని లోకానికి అంత ఆలస్యంగా తోచింది. అయినా చేతులకి నేర్పితే చాలదు. ఆస్పత్రి నేల మాట పడ్డవాళ్ళకి వెనక్కి తిరగడమంటే మాటలా? మగ పైలటు తిరిగొస్తే "బుద్ధిమంతుడు" అంటారు. ఆడది తిరిగొస్తే "అనుకున్నాం, జంకింది" అంటారు. ఎమీ మనసులో ఆ పూట ఈ ఆలోచన ఉందని నేననను. కాని ఆ మాట పడకుండా బతికిన ఆడపిల్ల ఏ దేశంలోనైనా ఉందా?

జనవరిలో గన్నవరంలోనో ఢిల్లీలోనో పొగమంచు వల్ల విమానం ఆలస్యమని చెప్పగానే మనం విసుక్కుంటాం. ఇవాళ పైలటు సీట్లో ఆడపిల్లలూ ఉంటున్నారు. పరికరాలున్నాయి, రేడియో ఉంది, అయినా "ఇప్పుడు వద్దు" అని ఒకరు కూచున్నారంటే విసుక్కోకండి. ఆ రెండు మాటలు అనే హక్కు ఊరికే రాలేదు.